మండే నైట్ వార్ డాక్యుమెంటరీ: గెలిచినవాళ్ళు చెప్పిన కథలో ఎక్కడ ఆగి సరిచూసుకోవాలి?

#1 గోదాగట్టు

అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ (అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్) షో ‘రా’కీ, పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ షో ‘నైట్రో’కీ 1995 నుంచి 2001 దాకా సోమవారం రాత్రుళ్ళు నడిచిన రేటింగుల పోటీయే మండే నైట్ వార్. దాని మీద డబ్ల్యూడబ్ల్యూఈ తన నెట్‌వర్క్ కోసం 2014లో తీసిన ‘మండే నైట్ వార్’ ఇరవై భాగాలనూ ఇప్పుడు కొత్తగా చూస్తున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నట్టున్నారు. వేరే థ్రెడ్లలో అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టుకుందాం.

సిరీస్ చూడబుద్ధి వేస్తుంది, సందేహం లేదు. 2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూని కొన్నప్పుడు దాని టేపుల లైబ్రరీ కూడా వీళ్ళ చేతికొచ్చింది, అందుకే రెండువైపుల ఫుటేజీ దండిగా ఉంది. చిక్కు కూడా అక్కడే. ఓడిన కంపెనీ తరఫున మాట్లాడటానికి అసలు ఆ కంపెనీయే మిగల్లేదు. కెమెరా ముందు కూర్చున్నవాళ్ళలో చాలామంది డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ని నడిపిన విన్స్ మెక్‌మాన్ దగ్గర పనిచేసినవాళ్ళో, మళ్ళీ పిలుపు రావాలని చూస్తున్నవాళ్ళో.

వాళ్ళు చెప్పే కథ టూకీగా ఇది: డబ్ల్యూసీడబ్ల్యూ వెనక ఉన్న టీఎన్‌టీ, టీబీఎస్ ఛానెళ్ళ అధిపతి టెడ్ టర్నర్ డబ్బు గుమ్మరించి రెజ్లర్లను ఎగరేసుకుపోయాడు, నైట్రోని నడిపిన ఎరిక్ బిషాఫ్ 83 వారాలు వరసగా రేటింగుల్లో గెలిచాడు, తర్వాత పిచ్చి కథలతో కంపెనీని ముంచుకున్నారు, ఇటు స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ వచ్చి డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ని గట్టెక్కించాడు. ఇందులో పచ్చి అబద్ధమంటూ ఏదీ లేదు. కానీ నా మాట ఏంటంటే, పిచ్చి కథలు డబ్ల్యూసీడబ్ల్యూని జబ్బుపడేలా చేశాయి, ప్రాణం తీసింది మాత్రం టీవీలో చోటు పోవడమే. ఆ రెండోదానికి సిరీస్‌లో దక్కాల్సినంత బరువు దక్కలేదు.

ఏ సీను దగ్గర ఏం చూసుకోవాలో తెలిసినవాళ్ళు తేదీలతో రాయండి.

#2 టేపులపెట్టె

ముందు రేటింగ్ అంకె చదవడం వస్తే సగం గొడవలు ఇక్కడే తీరిపోతాయి.

4.6 అంటే 46 లక్షల మంది అని కాదు. ఆ ఛానెల్ అందే ఇళ్ళలో సగటున నూటికి 4.6 ఇళ్ళు ఆ షో పెట్టుకున్నాయని. షో మొత్తానికి ఒక సగటు ఉంటుంది, మళ్ళీ ప్రతి పావుగంటకూ విడిగా ఒక అంకె ఉంటుంది. డాక్యుమెంటరీలో ఒకరి పావుగంట అంకెను ఇంకొకరి షో సగటు పక్కన పెట్టారా, వెంటనే పాజ్ కొట్టండి. 1999 జూన్ 28న ఆస్టిన్, అండర్‌టేకర్ మ్యాచ్‌కి వచ్చిందని అందరూ చెప్పే 9.5 పావుగంట లెక్కే, ఆ రాత్రి రా మొత్తానిది కాదు.

తర్వాత గంటల సంగతి. నైట్రో 1995 సెప్టెంబరు 4న మిన్నెసోటాలోని మాల్ ఆఫ్ అమెరికాలో గంట షోగా మొదలైంది. 1996 మే 27న రెండు గంటలైంది. సరిగ్గా ఆ రాత్రే, అప్పటిదాకా డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో ఉన్న స్కాట్ హాల్ జనంలోంచి నడుచుకుంటూ వచ్చి రింగెక్కాడు. సిరీస్ హాల్‌ని చూపిస్తుంది గానీ, పెరిగిన గంట గురించి ఎంత మాట్లాడుతుందో మీరే చూడండి. రా 1997 ఫిబ్రవరి 3 దాకా గంట షోనే. అంటే ఎనిమిది నెలలకు పైగా నైట్రోలో ఒక గంటకు ఎదురే లేదు. ఆ 83 వారాల్లో ఎన్‌డబ్ల్యూఓ (హాల్, నాష్, హోగన్‌ల ముఠా కథ) మహిమ ఎంత, షెడ్యూలు మహిమ ఎంత అనేది అక్కడ తేలుతుంది.

1998 జనవరిలో నైట్రోని మూడు గంటలు చేశారు. అదే నెల 8న టీబీఎస్‌లో థండర్ అనే రెండో షో మొదలుపెట్టారు. వారానికి అయిదు గంటల సరుకు కావాలి, రాసేవాళ్ళు మాత్రం అంతే మంది. అలసట అక్కడే మొదలైంది.

#3 ఓరుగల్లు_హీల్

టేపులపెట్టె అన్నా, ఎదుటోడు బరిల లేని వారాలు కూడ రాయాలె.

రా వచ్చేది యూఎస్ఏ నెట్‌వర్క్‌ల. ఆ ఛానెల్‌ల యూఎస్ ఓపెన్ టెన్నిస్ ఉంటే రా ఉండకపోయేది, వెస్ట్‌మిన్‌స్టర్ కుక్కల షో ఉన్నా అంతే. నైట్రో మొదటి రాత్రి రా లేకపోవుడు కూడ టెన్నిస్ వల్లనే. బిషాఫ్ ఎవ్వరూ లేని రాత్రి చూసి దిగిండు, అదీ తెలివి. ఇటు టీఎన్‌టీల ఎన్‌బీఏ ప్లేఆఫ్‌లు వస్తే నైట్రో ఎగిరిపోయేది. 1999 మే 10న రాకు 8.1 వచ్చింది, రికార్డు అని ప్రతి వీడియోల ఏస్తరు. ఆ రోజు నైట్రో లేదన్న ముచ్చట మాత్రం ఎవ్వరూ చెప్పరు.

ఇంకోటి, డీఎక్స్ “ట్యాంకు”. 1998 ఏప్రిల్ 27, వర్జీనియా. రా హ్యాంప్టన్‌ల, నైట్రో పక్కనే నార్ఫోక్‌ల. డీఎక్స్ అంటే రాల ఉన్న ట్రిపుల్ హెచ్ గ్యాంగు, వాళ్ళు నైట్రో నడిచే నార్ఫోక్ స్కోప్ కాడికి పోయి గేటు ముందట లొల్లి చేస్తరు. సీను ఆపి చూడుండ్రి, అది ట్యాంకు కాదు, మిలిటరీ జీపు, మీద ఫిరంగి గొట్టం. యేండ్లు గడిచినకొద్ది మాటలల్ల జీపు ట్యాంకు అయింది.

#4 కాకినాడ_కార్నర్

డబ్బు గుమ్మరించి లాక్కున్నాడు అన్నదాంట్లో ఒక మెలిక ఉందండి. కాంట్రాక్టుల తీరు తెలియకపోతే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వదిలి స్కాట్ హాల్, కెవిన్ నాష్ ఎందుకెళ్ళారో అర్థం కాదు.

అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మామూలు కాంట్రాక్టులో ఇంత ఇస్తామని గ్యారంటీ ఉండేది కాదు. మ్యాచ్‌కి వచ్చిన వసూళ్ళలో వాటా, టీషర్టులూ బొమ్మలూ అమ్మితే వాటా. హాలు నిండకపోతే రెజ్లర్ జేబూ నిండదు. 1995లో హాళ్ళు నిండట్లేదు. డబ్ల్యూసీడబ్ల్యూ ఏడాదికింత అని ముందే రాసిచ్చేది, పైగా తిరగాల్సిన రోజులు తక్కువ. ఇద్దరికీ కాంట్రాక్టు గడువు తీరింది, వెళ్ళారు. అందులో దొంగతనం ఏముందండీ?

అదే గ్యారంటీ తర్వాత డబ్ల్యూసీడబ్ల్యూ మెడకే చుట్టుకుంది. ఓడినా గెలిచినా, ఆడినా ఇంట్లో కూర్చున్నా జీతం ఆగదు. హోగన్‌కైతే తన కథ ఎలా నడవాలో ఒప్పుకోవడానికీ కాదనడానికీ కాగితం మీదే హక్కు ఉంది. 1997 డిసెంబరు 28న స్టార్‌కేడ్ (డబ్ల్యూసీడబ్ల్యూ ఏటా వేసే పెద్ద షో) చూడండి. హోగన్ మీద స్టింగ్ గెలుపు కోసం ఏడాదికి పైగా కథ కట్టుకుంటూ వచ్చారు. చివర్లో రిఫరీ నిక్ పాట్రిక్ గబగబా మూడు లెక్కపెట్టి స్టింగ్‌కి అన్యాయం చేయాలి, బ్రెట్ హార్ట్ వచ్చి అడ్డుకోవాలి. వీడియోలో లెక్క వినండి: ఒకటి, రెండు, మూడు, మామూలు వేగమే! అన్యాయమే జరగనప్పుడు బ్రెట్ దేన్ని సరిచేస్తున్నట్టు? పాట్రిక్‌కి ఎవరేం చెప్పారన్నది ఇప్పటికీ తలో మాట. ఏడాది కష్టం ఆ మూడు దెబ్బల్లో పోయింది.

#5 డల్లాస్_తెలుగోడు

రికార్డు చేసిన షో, లైవ్ షో తేడా అర్థమవ్వాలంటే 1997 నవంబరు 17 ఒక్కటి చాలు. అప్పటికి రా ఒక వారం లైవ్, ఇంకోవారం ముందే తీసి దాచుకున్న టేపు. వరసగా రెండు రోజులు తీస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. నైట్రో మాత్రం లైవ్.

ఆ రాత్రి రిక్ రూడ్ రెండింట్లోనూ కనిపించాడు. మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్‌కి చేసిన మోసం (నవంబరు 9, అతనికి చెప్పకుండానే ఓడించేశారు) తర్వాత రూడ్ కంపెనీ మారిపోయాడు, కానీ రా టేపు అప్పటికే తీసి ఉంది. రా టేపులో నిండు గడ్డం, నైట్రో లైవ్‌లో మీసం మాత్రమే. ఇంట్లో కూర్చుని ఛానెల్ మార్చినవాడికి ఎవరు టేపు, ఎవరు లైవ్ అన్నది ఆ గడ్డంతోనే తెలిసిపోయింది. బిషాఫ్ రా ఫలితాలు ముందే చదివేయగలిగింది కూడా ఈ టేపుల వల్లే.

#6 విశాఖ_మార్క్

మనకి ఇండియాలో ఈ “యుద్ధం” ఎందుకు తెలియలేదు? చిన్నప్పుడు అందరి దగ్గరా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులే కదా, డబ్ల్యూసీడబ్ల్యూ పేరే వినలేదు చాలామంది.

#7 టేపులపెట్టె

@విశాఖ_మార్క్ యుద్ధమంతా అమెరికాలో సోమవారం రాత్రి ఒకే సమయంలో రెండు ఛానెళ్ళు, చేతిలో ఒక రిమోటు. మన దగ్గర షోలు ఆలస్యంగా, వేరే వేళల్లో వచ్చేవి. రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరమే లేదు, ఇక పోటీ ఎక్కడ కనిపిస్తుంది? ఆ సిరీస్‌లో “ఛానెల్ మార్చారు” అన్న మాట వందసార్లు ఎందుకు వస్తుందో మనం ఊహించుకోవాల్సిందే.

#8 పీపీవీ_లెక్క

అందరూ 1999 జనవరి 4 (నాష్ ఒక్క వేలిపోటుకు పడిపోయి హోగన్‌కి బెల్టు వదిలిన రాత్రి) గురించే మాట్లాడతారు. నన్నడిగితే దానికంటే ముందు 1998 అక్టోబరు 25 చూడాలి. హాలోవీన్ హావోక్, లాస్ వేగాస్.

పే పర్ వ్యూ (పీపీవీ) అంటే జనం ఇంట్లో డబ్బు కట్టి చూసే షో, దానికోసం శాటిలైట్ మీదా కేబుల్ వాళ్ళ దగ్గరా ఇన్ని గంటలని ముందే కొనుక్కున్న సమయం. ఆ రాత్రి అసలు మ్యాచ్ గోల్డ్‌బర్గ్, డైమండ్ డల్లాస్ పేజ్. ముందు మ్యాచులు సాగదీశారు. హోగన్, వారియర్ మ్యాచ్ కూడా అందులోదే, దాని గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. కొన్న సమయం అయిపోయేసరికి చాలా ప్రాంతాల్లో బొమ్మ ఆగిపోయింది. డబ్బు కట్టినవాళ్ళు అసలు మ్యాచే చూడలేదు.

మర్నాడు గత్యంతరం లేక ఆ మ్యాచ్ మొత్తాన్ని నైట్రోలో ఉచితంగా వేశారు. రేటింగ్ అదిరింది, ఆ వారం నైట్రో గెలిచింది. రా మీద నైట్రో గెలిచిన ఆఖరి సోమవారం అదే. ఆ తర్వాత మళ్ళీ గెలవలేదు. ఆఖరి గెలుపు కూడా డబ్బు కట్టినవాళ్ళకు అందాల్సిన సరుకును ఊరికే పంచితే వచ్చింది!

అదే జబ్బు జులై 6న కూడా. అట్లాంటా జార్జియా డోమ్‌లో 40 వేల మందికి పైగా జనం, గోల్డ్‌బర్గ్ హోగన్‌ని ఓడించి బెల్టు తీసుకున్నాడు, ఉచిత టీవీలో. పే పర్ వ్యూ ధర అప్పుడు 30 డాలర్ల దరిదాపు. కేబుల్ వాళ్ళ వాటా పోగా సుమారు సగం కంపెనీకి మిగిలేది. రెండు లక్షల ఇళ్ళు కొన్నాయనుకున్నా 30 లక్షల డాలర్లు. దాన్ని ఒక్క వారం రేటింగ్ కోసం వదిలేశారు. డాక్యుమెంటరీలో మాత్రం ఇది గొప్ప క్షణంగానే వస్తుంది. చూడ్డానికి గొప్పదే, లెక్కల పుస్తకంలో కాదు.

#9 ఓరుగల్లు_హీల్

పీపీవీ అన్నా, టికెట్ల పైసలు వచ్చినయ్ గదా? నలభై వేల మంది.

#10 పీపీవీ_లెక్క

వచ్చాయి, అది ఒక ఊరి డబ్బు. పీపీవీ దేశమంతటి నుంచి వచ్చే డబ్బు. పైగా రెండూ కలిపి తీసుకోవచ్చు కదా: అదే డోమ్, అదే మ్యాచ్, కాకపోతే నెల రోజులు ఊరించి పీపీవీగా. ఆ ఊరింపే వ్యాపారం.

#11 కాకినాడ_కార్నర్

ఇక జనవరి 4 సంగతి. ఇక్కడ సిరీస్ చెప్పేది నిజమే గానీ, ఆ రాత్రిని మలుపు అనడం సరికాదండి.

జరిగింది ఇది. అట్లాంటాలో గోల్డ్‌బర్గ్, నాష్ మ్యాచ్ ఉందని ప్రచారం చేశారు. వారం ముందే స్టార్‌కేడ్‌లో నాష్ గోల్డ్‌బర్గ్ జైత్రయాత్రకు తెర దించాడు, స్కాట్ హాల్ కరెంటు షాకు పెడితే. కాబట్టి జనం ఎదురుచూసేది ప్రతీకారం. గోల్డ్‌బర్గ్‌ని కథలో పోలీసులు పట్టుకెళ్ళారు, బదులు హోగన్ వచ్చాడు, వేలితో నాష్ ఛాతీ మీద పొడిచాడు, నాష్ వెల్లకిలా పడ్డాడు, హోగన్ బెల్టు తీసుకున్నాడు. అదే రాత్రి ముందే తీసిన రాలో మిక్ ఫోలీ టైటిల్ గెలుస్తాడని టోనీ షియవోనీ చేత లైవ్‌లో వెటకారంగా చెప్పించారు. విన్న జనం తిట్టుకోలేదు, రిమోటు తీసుకున్నారు. రా 5.7, నైట్రో 5.0.

ఇప్పుడు ఆ 5.0 చూడండి. ఓడిపోతున్న షోకి అది చిన్న అంకె కాదు. 1998 ఏప్రిల్ 13న 83 వారాల వరస తెగినప్పుడు నైట్రోకి వచ్చింది 4.3, రాకి 4.6. అంటే జనవరి నాటికి నైట్రో జనం పెరిగారు, రా జనం అంతకంటే వేగంగా పెరిగారు. దెబ్బ పడింది ఆ రాత్రి కాదు, తర్వాతి నెలల్లో. ప్రచారం చేసిన మ్యాచ్ చూపిస్తారన్న నమ్మకం పోయాక మెల్లగా దిగింది.

#12 గోదాగట్టు

ఇంత పట్టున్న వివరాలు వస్తాయనుకోలేదు, థాంక్స్. ఇప్పుడు అసలు వాదనకొస్తా. 2000లో డబ్ల్యూసీడబ్ల్యూ నష్టం 6 కోట్ల డాలర్లకు పైనే అని చెబుతారు. భయంకరమే. అయినా కంపెనీని కొనడానికి జనం ఉన్నారు. బిషాఫ్ ఫ్యూజియెంట్ మీడియాతో కలిసి ఒప్పందం దాదాపు పూర్తిచేశాడు. ఆ ఒప్పందానికి ప్రాణం టర్నర్ ఛానెళ్ళలో నైట్రో, థండర్ కొనసాగడం.

2001 జనవరిలో ఏఓఎల్, టైమ్ వార్నర్ విలీనం పూర్తయింది. టర్నర్ ఛానెళ్ళ మీద పెత్తనం జేమీ కెల్నర్‌కి వచ్చింది. మార్చిలో ఆయన రెజ్లింగ్ షోలు రెండూ తీసేశాడు. టీవీ లేని రెజ్లింగ్ కంపెనీకి విలువ టేపులూ పేర్లూ మాత్రమే. ఫ్యూజియెంట్ వెనక్కి తగ్గింది, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఆ టేపులూ పేర్లూ కొన్ని కాంట్రాక్టులూ కొద్ది మిలియన్ డాలర్లకు తీసుకుంది. డేవిడ్ ఆర్క్వెట్ అనే సినిమా నటుడికి బెల్టు ఇవ్వడం (2000 ఏప్రిల్) చెత్త నిర్ణయమే, కానీ అది చూసి ఎవడూ షో పీకేయలేదు.

#13 పీపీవీ_లెక్క

గోదాగట్టు గారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. లాభాల్లో ఉన్న షోని కెల్నర్ తీసేవాడా? నష్టమే అతనికి సాకు ఇచ్చింది. 1999 అక్టోబరులో కథలు రాసే విన్స్ రూసోని తెచ్చి, మూడు నెలలకే పక్కనపెట్టి, మళ్ళీ తెచ్చి, 2000 సెప్టెంబరులో అతనే చాంపియన్ అయ్యేదాకా తీసుకెళ్ళారు. 2000 జనవరి 31న గెరెరో, మలెంకో, శాటర్న్, బెన్వా నలుగురూ ఒకే రాత్రి రాలో కనిపించారు. మంచి రెజ్లర్లు పోయి, పాత జీతాలు మిగిలాయి. చోటు పోవడానికి కారణం కథలూ ఖర్చులూనే.

#14 గోదాగట్టు

సాకు ఇచ్చింది, అంతవరకు సరే. కానీ నష్టం ఉన్న షోని అమ్మేయొచ్చు, కొనేవాడు తలుపు దగ్గరే ఉన్నాడు. కొనేవాడికి సమయం కూడా ఇవ్వనన్నాడు కెల్నర్. ఆ నిర్ణయం కథలు రాసే బుకింగ్ కమిటీది కాదు. ఇంకో ఆధారం: ఆఖర్లో కూడా నైట్రో రేటింగ్ టీఎన్‌టీలో చాలా షోల కంటే మెరుగే.

#15 డల్లాస్_తెలుగోడు

మీ ఇద్దరి మధ్యా ఒకటి మర్చిపోయారు. ఆ పెద్ద కాంట్రాక్టులు డబ్ల్యూసీడబ్ల్యూతో కాదు, టైమ్ వార్నర్‌తో. కంపెనీ అమ్మేసినా నాష్, గోల్డ్‌బర్గ్ లాంటివాళ్ళకు ఇంటికి చెక్కులు వచ్చాయి. అందుకే 2001 వేసవిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ నడిపిన ‘ఇన్వేజన్’ కథ చప్పబడింది. దండెత్తిన సైన్యంలో సేనాపతులే లేరు. డాక్యుమెంటరీలో దీన్ని “కథ సరిగా రాయలేదు” అని తేల్చేస్తే నమ్మకండి.

నైట్రో చూసే జనం రాకి వచ్చిపడతారని కూడా అనుకున్నారు. రాలేదు. రా అంకెలు కొన్ని నెలల్లోనే దిగడం మొదలుపెట్టాయి.

#16 టేపులపెట్టె

ఫుటేజీ గురించి కొన్ని పనికొచ్చే గుర్తులు:

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ గీతల లోగో మసకగా కనిపిస్తే అది 2002 నుంచి 2012 లోపు విడుదలైన ఎడిటింగ్. అవే అక్షరాల పేరున్న వన్యప్రాణుల సంస్థతో కేసు ఓడిపోయి పేరు మార్చుకున్నారు, ఆ లోగో చూపించే హక్కు పోయింది. 2012లో రాజీ అయ్యాక మసక తీసేశారు. మీరు చూసే క్లిప్ 2014 సిరీస్‌దా, పాత డీవీడీదా అన్నది దీంతో పట్టుకోవచ్చు.

ప్రవేశ సంగీతం అతకనట్టు ఉంటే హక్కులు లేక మార్చినట్టే. మార్చేటప్పుడు జనం అరుపు కూడా కొత్తది కలుపుతారు, కాబట్టి “హాలు ఎలా ఊగిపోయిందో చూడండి” అనే చోట చెవిని నమ్మొద్దు, జనం చేతులు చూడండి. ఈసీడబ్ల్యూ (ఆ రోజుల్లోని మూడో రెజ్లింగ్ కంపెనీ) ఫుటేజీకి ఈ దెబ్బ మరీ ఎక్కువ.

2007లో భార్యనూ కొడుకునూ చంపి ఆత్మహత్య చేసుకున్నాడు కాబట్టి, ఆ తర్వాత తీసినవాటిలో క్రిస్ బెన్వా దాదాపు కనిపించడు. 2000 జనవరిలో వెళ్ళినవాళ్ళ కథ అందుకే కుంటుతుంది. ఆ వెళ్ళిపోవడానికి ముందురోజుల్లో చాంపియన్ అతనే మరి.

#17 విశాఖ_మార్క్

రెండోవైపు మాట వినాలంటే ఏది చూడాలి? ఇంకో డౌటు, ఆఖరి నైట్రోలో విన్స్ కొడుకు షేన్ మెక్‌మాన్ “నేను కొన్నాను” అంటాడు. నిజంగా షేన్ కొన్నాడా?

#18 కాకినాడ_కార్నర్

2024లో వైస్ టీవీ నాలుగు భాగాలు వేసింది, ‘హూ కిల్డ్ డబ్ల్యూసీడబ్ల్యూ’. డ్వేన్ జాన్సన్ కంపెనీ నిర్మాణం కాబట్టి అదీ పూర్తిగా బయటివాళ్ళది కాదు, కానీ టర్నర్ వైపు ఉద్యోగులు కూర్చుని మాట్లాడతారు. ముందు 2014 సిరీస్‌లో నైట్రో పుట్టుక, ఎన్‌డబ్ల్యూఓ భాగాలు చూసి, తర్వాత ఇది చూడండి. ఒకే తేదీకి ఇద్దరూ ఏం కారణం చెప్పారో పక్కపక్కన రాసుకుంటే తేడా దొరుకుతుంది.

షేన్ కొనలేదండి. కొన్నది కంపెనీ, ఆ ప్రకటన 2001 మార్చి 23న వచ్చింది. మార్చి 26న షేన్ పనామా సిటీ బీచ్‌లో రింగెక్కి కాగితంలో తన పేరుందని చెప్పడం టీవీ కథ, తండ్రీకొడుకుల మ్యాచ్ వారంలోపే రెసిల్‌మేనియాలో ఉంది కాబట్టి. డాక్యుమెంటరీలో ఆ క్లిప్ వచ్చినప్పుడు కింద తేదీ చూసుకోండి. 23 అయితే వ్యాపారం, 26 అయితే స్క్రిప్టు.